నెలవంక ఫోటో సాక్ష్యమవుతుందా?

రంజాన్ 29వ నాటి మగ్రిబ్ ముగిసీ ముగియకముందే మన ఫోన్లలో నెలవంకలు పొడుస్తాయి. ఎవరు తీశారో, ఎక్కడ తీశారో తెలియదు. నిరుటి చంద్రుడే మరొక ఊరి మినారు మీదుగా మళ్ళీ ఉదయిస్తాడు. హిలాల్ కమిటీ ప్రకటన వెలువడేలోగా సగం వీధి ఈద్ ముబారక్ చెప్పుకుంటుంది, సగం వీధి తరావీహ్‌కు బయలుదేరుతుంది. చంద్రుడి విషయంలోనూ వీరికి పొత్తు కుదరదన్న వెటకారానికి మనమే తావిస్తున్నాం. దీనిని మేము ఇక సహించదలచలేదు.

2013 జులై 8న ఫ్రాన్సులో తియెరీ లెగో సరిగ్గా అమావాస్య ఘడియలోనే, పట్టపగలు, సూర్యునికి నాలుగున్నర డిగ్రీల లోపున ఉన్న చంద్రరేఖను పరారుణ కాంతిలో ఫోటో తీశారు. అద్భుతమైన పని. అయినా అది రూయత్ కాదు. ఏ కన్నూ దానిని చూడలేదు. సూర్యచంద్రుల ఎడం సుమారు ఏడు డిగ్రీలకు తగ్గితే వంక కంటికి ఆనదని గత శతాబ్దంలో దాంజోన్ అనే ఖగోళవేత్త తేల్చాడు. ఆ ఎడం గంటకు దాదాపు అర డిగ్రీ చొప్పున పెరుగుతుంది. అమావాస్య గడిచి పది గంటలైనా నిండని సాయంత్రం "మేము చూశాం" అంటే నిలదీసి అడగవలసిందే. చంద్రుడు సూర్యునికంటె ముందే అస్తమించిన రోజున వచ్చే షహాదత్ సంగతి చెప్పనే అక్కరలేదు.

లెక్కను చేపడితే సంప్రదాయం పోతుందని కొందరు పెద్దల భయం. అల్ ఖ్వారిజ్మీ, అల్ బత్తానీ నెలవంక కనబడే తీరును గణించినవారే కదా! హైదరాబాదులో నిజామియా వేధశాలకు 1901లో పునాది వేసినది నవాబ్ జఫర్ జంగ్. మన పిల్లలలో ఎందరికి ఆ పేరు తెలుసు? లెక్క చూపు స్థానాన్ని ఆక్రమించనక్కరలేదు, తప్పుడు చూపును పట్టిస్తే చాలు.

కమిటీలను మేము అడిగేది ఇది. సాక్షి నిలిచిన చోటు, చూసిన నిమిషం, వంక కొమ్ములు ఎటు తిరిగి ఉన్నాయన్నది ప్రకటనతో పాటే వెల్లడించండి. మసీదు మేడమీదికి యువకులను, కళాశాల అమ్మాయిలను పిలవండి. చేతికి బైనాక్యులర్ ఇవ్వండి, సూర్యుడు పూర్తిగా అస్తమించాకనే ఎత్తమనండి. ఫోటో తీసినవారు అసలు ఫైలును కమిటీకే పంపాలి, గ్రూపులకు కాదు.

ప్రభుత్వ సెలవుల పట్టికలో ఈద్ తేదీ నెలల ముందే అచ్చవుతుంది. వంక ఒకరోజు ఆలస్యమైతే పొరుగుసేవల ఉద్యోగి ఎవరిని సెలవడగాలి? ఆనాడే పరీక్ష ఉన్న విద్యార్థి నమాజు విడవాలా, పరీక్ష విడవాలా? ఈద్ పడదగిన రెండు రోజులలోనూ పరీక్షలు పెట్టవద్దని మేము కోరుతూనే ఉంటాం. ఆ కోరికతో వెళ్ళిన రోజున అధికారి ఎదుట ఎవరో పంపిన ఫోటోను పెట్టగలమా?