గర్భిణి గైర్హాజరు నేరమా?

నారాయణగూడ చౌరస్తా నుండి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ వరకు ఉదయం తొమ్మిది గంటల వేళ నడిచి చూసినవారికి ఒక సంగతి స్పష్టమవుతుంది. ఈ మూడు పేటల దైనందిన జీవితం చాలావరకు స్త్రీల శ్రమ మీద నడుస్తున్నది. ప్రైవేటు పాఠశాలల్లో పసిపిల్లల చేత అక్షరాలు దిద్దించే పంతులమ్మలు, నర్సింగ్ హోమ్‌లలో నర్సులు, ఆయాలు, బట్టల దుకాణాల్లో చీరలు విప్పి చూపే అమ్మాయిలు, ఉద్యోగ పరీక్షల శిక్షణ కేంద్రాల్లో ఫీజు రసీదులు వ్రాసే గుమాస్తాలు, విద్యార్థుల హాస్టళ్లలో అన్నం వండి వార్చే వంటమనుషులు – వీరందరూ ఒక్క రోజు పనికి రాకపోతే ఈ వీథుల పని ఆగిపోతుంది. కాని వీరిలో ఒకరు కడుపుతో ఉండి, ఒంట్లో బాగులేక పది రోజులు రాలేకపోతే, పదకొండవ రోజున ఆమె స్థానంలో వేరొకరు కనబడతారు. ఈ విషయాన్ని గూర్చి నాలుగు మాటలు పాఠకులకు మనవి చేయడమే మా ఉద్దేశం.

మా కళాశాలలోనే చదివి పట్టభద్రురాలైన ఒక సోదరి ఈ ప్రాంతంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో మూడు సంవత్సరాలు ఉపాధ్యాయినిగా పనిచేసింది. గర్భం ధరించిన మూడవ నెలలో ఆమెకు వేవిళ్లు మితిమీరి, మంచినీళ్లు కూడా కడుపులో ఇమడని స్థితి ఏర్పడింది. రెండుసార్లు సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. పదహారు రోజులు బడికి వెళ్లలేకపోయింది. డాక్టరు వ్రాసిన చీటీ తీసుకొని ఆమె భర్త పాఠశాలకు వెళ్లాడు. అక్కడివారు ఆ చీటీని చూడనైనా చూడలేదు. "మేము ఆమెను తీసివేయలేదు బాబూ, ఆమెయే రావడం మానుకున్నది. పిల్లల చదువు ఆగకూడదు గనుక వేరొకరిని పెట్టుకున్నాము" అన్నారు. ఒక నోటీసు లేదు, ఒక కాగితం లేదు. మూడు సంవత్సరాల కొలువు ఒక్క మాటతో ముగిసిపోయింది. ఆ పాఠశాల పేరు ఇక్కడ వ్రాయడం మా అభిమతం కాదు. ఆ మాట ఒక్క పాఠశాల మాత్రమే అనే మాట కాదు కనుక.

"ఆమెయే మానుకున్నది" అనే ఈ నాలుగు ముక్కల వాక్యాన్ని పాఠకులు జాగ్రత్తగా గమనించవలెనని మా ప్రార్థన. ఉద్యోగం నుండి తొలగించితే తొలగించినవాడు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. మానుకున్నదంటే ఎవరూ జవాబుదారీ కారు. గర్భిణి జబ్బును ఆమె రాజీనామాగా మార్చివేసే విద్య ఇది.

ప్రసూతి సెలవు అనే మాట నేడు అందరికీ తెలిసినదే. బిడ్డ పుట్టినప్పుడు తల్లికి విశ్రాంతి కావాలని ఒప్పుకోని యజమాని అరుదు. కాని గర్భం తొమ్మిది నెలల వ్యవహారం. వేవిళ్లు ముదిరి శరీరం నీరసించవచ్చు, రక్తస్రావం కావచ్చు, రక్తపోటు పెరగవచ్చు, మంచం దిగరాదని డాక్టరు ఆజ్ఞాపించవచ్చు. రక్తహీనత సంగతి చెప్పనే అక్కరలేదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన దేశంలో గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తం తక్కువగా ఉన్నదని తేల్చింది. అనగా ఇద్దరు గర్భిణులలో ఒకరు బలహీనంగా ఉండే దేశం మనది. అటువంటి దేశంలో కాన్పు నాటి సెలవును మాత్రమే గుర్తించి, కాన్పుకు ముందటి జబ్బును సోమరితనంగా లెక్కకట్టడం న్యాయమా?

చట్టం అలా లెక్కకట్టలేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం ఈ విషయంలో ఎంతో స్పష్టంగా ఉండెను. గర్భం వలన గాని, ప్రసవం వలన గాని, నెలలు నిండని కాన్పు వలన గాని, గర్భస్రావం వలన గాని జబ్బుపడిన ఉద్యోగినికి, మామూలు ప్రసూతి సెలవుకు అదనంగా, ఒక నెల వరకు జీతంతో కూడిన సెలవును ఆ చట్టంలోని 10వ సెక్షను ప్రసాదించింది. గర్భస్రావమైతే ఆరు వారాల సెలవు వేరుగా కలదు. చట్టప్రకారం సెలవులో ఉన్న స్త్రీని ఆ సెలవు కాలంలో గాని, ఆ సెలవు కారణంగా గాని తొలగించరాదనీ, ఆమెకు నష్టం కలిగేటట్లు ఉద్యోగ నిబంధనలు మార్చరాదనీ 12వ సెక్షను నిషేధించింది. 2017లో ప్రసూతి సెలవును మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో 12 వారాల నుండి 26 వారాలకు పెంచినప్పుడు దేశమంతటా చర్చ జరిగింది. జబ్బు సెలవును గూర్చి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చి పాత చట్టం స్థానాన్ని ఆక్రమించింది. అయినప్పటికీ ఈ రక్షణలు పోలేదు. ఆ కోడ్‌లోని ఆరవ అధ్యాయంలో నెల రోజుల జబ్బు సెలవు, తొలగింపుపై నిషేధం, రెండూ నిలిచి ఉన్నవి.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కూడా కాదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి మహాసభలోనే ప్రసూతి రక్షణ ఒడంబడికను ఆమోదించింది. గర్భం వలన కలిగిన జబ్బు అని వైద్యుడు ధ్రువీకరించినచో, ప్రతి దేశమూ నిర్ణయించిన గడువు దాటేవరకు ఆ స్త్రీకి తొలగింపు నోటీసు ఇవ్వరాదని అందులో వ్రాసి ఉన్నది. నూరేళ్లు గడిచిపోయినవి. మన దేశం ఆ ఒడంబడికను నేటికీ ధ్రువపరచలేదు గాని, అందులోని సారాన్ని మన చట్టంలో చేర్చుకున్నది. అందుకు సంతోషించవలసినదే.

మరి చట్టం ఇంత చక్కగా ఉన్నప్పుడు మా సోదరి కొలువు ఎందుకు పోయినది? మాకు తోచిన కారణాలు మూడు.

మొదటిది, తెలియకపోవడం. ఉద్యోగినికి తెలియదు, ఆమె భర్తకు తెలియదు, చాలాచోట్ల యజమానికి కూడా తెలియదు. డాక్టరు చీటీ ఉన్నదే గాని, ఆ చీటీలో "గర్భం వలన కలిగిన అనారోగ్యం" అనే మాటను స్పష్టంగా వ్రాయించుకోవలెననీ, సెలవు దరఖాస్తును వ్రాతమూలకంగా ఇచ్చి ఒక నకలుపై సంతకం తీసుకోవలెననీ, తొలగించిన యెడల అరవై రోజుల లోపల అధికారికి అప్పీలు చేసుకోవలెననీ ఆమెకు చెప్పిన నాథుడు లేడు.

రెండవది, చట్టం గీసిన గీత. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే దుకాణాలకు, సంస్థలకు మాత్రమే ఈ అధ్యాయం వర్తిస్తుంది. చిక్కడపల్లి సందులలో నలుగురైదుగురితో నడిచే దుకాణాలు, పరీక్ష కేంద్రాలు, టైలరింగు షాపులు ఎన్ని ఉన్నవో లెక్క లేదు. అందులో పనిచేసే ఆడపడుచుకు వేవిళ్లు వస్తే చట్టం ఆమె గడప తొక్కదు. ఎనిమిదిమంది ఉన్నచోట గర్భిణి శరీరం వేరు, పన్నెండుమంది ఉన్నచోట వేరు అని ఏ వైద్యశాస్త్రం చెబుతున్నది?

మూడవది, ఒప్పందపు ఉద్యోగం. పదకొండు నెలల ఒప్పందం, వేసవి సెలవులకు ముందు రద్దు, తెరిచే నాటికి కొత్త కాగితం – ఇది ఎందరో ఉపాధ్యాయినులకు అనుభవంలో ఉన్నదే. ఈ విషయంలో సుప్రీం కోర్టు ధోరణి ఆశాజనకంగా ఉన్నది. ఢిల్లీ పురపాలక సంస్థలో రోజుకూలీ మీద పనిచేసే స్త్రీలకు కూడా ప్రసూతి ప్రయోజనం చెందుతుందని 2000 మార్చి 8న, సరిగ్గా అంతర్జాతీయ మహిళా దినోత్సవం నాడు, తీర్పు చెప్పింది. ఒప్పంద కాలం ముగిసిపోయినా ప్రయోజనం ఆగరాదని 2023లో ఒక ఒప్పంద వైద్యురాలి కేసులో నిర్ణయించింది. అంతకు ముందే 1991లో, తన గర్భ సమాచారం దాచిందన్న నెపంతో ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగినిని జీవిత బీమా సంస్థ తొలగించగా, ఆమెను తిరిగి కొలువులోనికి తీసుకోవలసినదిగా ఆదేశించింది. ఈ తీర్పులు గొప్పవే. కాని నెలకు కొద్ది వేల జీతం తెచ్చుకొనే స్త్రీ ఢిల్లీ దాకా వెళ్లగలదా? ఆమెకు కావలసినది వీథి చివర దొరికే న్యాయం.

ఇక యజమానుల పక్షం కూడా వినవలెను. "ఒకరు రాకపోతే ఆమెకూ జీతమిచ్చి, ఆమె బదులు వచ్చినవారికీ జీతమిచ్చి చిన్న సంస్థ ఎలా నిలుస్తుంది?" అని వారడుగుతారు. ఈ ప్రశ్నలో సత్యం లేకపోలేదు. భారమంతా ఒక్క యజమాని నెత్తిన పడినప్పుడు, అతడు అసలు పెళ్లీడు స్త్రీలను పనిలోనికే తీసుకోకుండా జాగ్రత్తపడతాడు. దీనికి మందు మన దేశంలోనే ఉన్నది. అదే ఉద్యోగుల రాజ్య బీమా, అనగా ఇ.ఎస్.ఐ. 2019 జూలై నుండి వేతనంలో యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం చెల్లించే ఏర్పాటు వచ్చింది. కాన్పుకైనా, గర్భం వలన కలిగిన జబ్బుకైనా ఆ కాలానికి డబ్బు యజమాని జేబు నుండి గాక బీమా నిధి నుండి వస్తుంది. అందరి చేతి చిల్లర చేరి ఒకరి కష్టం గట్టెక్కే పద్ధతి ఇది. ఈ బీమాలో పేర్లు నమోదు చేయించకుండా, ఖర్చు భరించలేమనడం న్యాయం కాదు.

మా కళాశాల పాఠకులకు ఒక మాట జ్ఞాపకం చేయగోరుతున్నాము. రంజాన్ మాసంలో ఉపవాసం విధి. అయినా జబ్బుపడినవారు, ప్రయాణంలో ఉన్నవారు ఆ రోజులను తరువాత పూర్తి చేసుకోవచ్చునని ఖురాన్ అనుమతించింది. తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయపడే గర్భిణికీ బాలింతకూ ఈ వెసులుబాటు ఉన్నదని ధర్మశాస్త్రజ్ఞులు చెప్పిరి. ఆమె వదిలిన రోజా ఖజాగా మిగులుతుంది గాని, ఆమె ధర్మం నుండి వెలి కాదు. తెలుగు ఇళ్లలో కూడా నోములు, ఉపవాసాల నుండి చూలాలిని తప్పించడం పెద్దల ఆనవాయితీ. దైవానికి చెల్లించవలసిన విధినే వాయిదా వేసుకోగల స్త్రీ, దుకాణానికి చెల్లించవలసిన విధిని ఒక నెల వాయిదా వేసుకుంటే కొలువు పోగొట్టుకోవలెనా?

ఈ నగరానికి ఈ దయ కొత్తది కాదు. నిజాం గారి కోడలు నీలోఫర్ తన పరిచారిక రఫత్ 1949లో కాన్పు కష్టంతో మరణించగా చలించిపోయి ఆసుపత్రి నిర్మాణానికి పూనుకొన్నారని, 1953లో వెలసిన నీలోఫర్ ఆసుపత్రి అందుకు ఫలమని పెద్దలు చెబుతారు. ఒక పనిమనిషి కాన్పు ఒక ఆసుపత్రిని తెచ్చింది. మేము నేటి యజమానులను ఆసుపత్రులు కట్టమని కోరడం లేదు. ఒక కుర్చీని ఒక నెల ఖాళీగా ఉంచమంటున్నాము.

చేయవలసిన పనులు కూడా అందని ద్రాక్షలు కావు. నారాయణగూడ మెట్రో స్టేషనులో ఎక్కితే ఒక వైపు తరువాతి స్టేషను సుల్తాన్ బజార్. అక్కడ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నది. డాక్టరు ధ్రువపత్రం అక్కడ దొరుకుతుంది. రెండవ వైపు చిక్కడపల్లి దాటగానే ఆర్టీసీ క్రాస్ రోడ్స్. అక్కడ టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ ఉన్నది. రాష్ట్ర కార్మిక శాఖ కార్యాలయం అందులోనే. ఆల్విన్ కర్మాగారంలో ఆరణాల కూలీగా జీవితం ప్రారంభించి 1980లో ముఖ్యమంత్రి అయిన మనిషి పేరు ఆ భవనానికి పెట్టారు. జబ్బుకు సాక్ష్యం ఒక చివర, అన్యాయానికి అధికారి మరొక చివర, మధ్యలో ఆమె పోగొట్టుకున్న కొలువు. ఇంత చేరువలో ఉండి కూడా ఇవి కలుసుకోలేకపోవడమే మా బాధ.

ప్రభుత్వం పదిమంది అనే గీతను తగ్గించవలెను. నెల రోజుల జబ్బు సెలవు చాలని కేసుల్లో డాక్టరు మాట మీద, జీతం లేకున్నా సరే, కొలువైనా నిలిచేటట్లు నిబంధన చేయవలెను. ఇవి పెద్దల చేతిలోని పనులు. మన చేతిలోని పని ఒకటి కలదు. స్త్రీలు పనిచేసే ప్రతి చోట ఈ రక్షణల సారాంశాన్ని స్థానిక భాషలలో వ్రాసి, అందరికీ కనబడేటట్లు గోడకు తగిలించవలెనని 1961 చట్టమే విధించింది, నేటి కోడ్ కూడా విధిస్తున్నది. మా పేటల్లో స్థానిక భాషలంటే తెలుగు, ఉర్దూ. ఈ మూడు పేటల్లో మేము తిరిగిన దుకాణాల్లో, పాఠశాలల్లో అటువంటి పలక ఒక్కటైనా మా కంటబడలేదు.

ఈ సంచిక ఒక వైపు నుండి తెలుగు, మరొక వైపు నుండి ఉర్దూ చదువుకొనేవారిది. ఆ సారాంశాన్ని రెండు లిపులలో ఒక కాగితం మీద అందంగా వ్రాయగల చేతులు మన తరగతి గదుల్లోనే ఉన్నవి. వ్రాసి, మన వీథిలోని యజమానుల వద్దకు మర్యాదగా వెళ్లి, "అయ్యా, ఇది మీ గోడకు ఉండవలసినది" అని అందిద్దాము. రేపు ఆ గోడ క్రింద కూర్చుని పనిచేసేది మన అక్కయో, ఆపాయో, మన తోటి విద్యార్థినియో కావచ్చు. ఒంట్లో బాగులేని నాడు ఆమె తల ఎత్తి ఆ కాగితం చదువుకొని, ధైర్యంగా ఇంటికి వెళ్లి, ఆరోగ్యం కుదుటపడ్డాక తన కుర్చీకి తిరిగి రాగలిగితే చాలును.