పండుగ కూలికి పోయే పిల్లలు, గోదాములో పొంచి ఉన్న ముప్పు

2023 అక్టోబరు 7న కర్ణాటక, తమిళనాడు సరిహద్దులోని అత్తిబెలెలో బాణసంచా గోదాము దగ్ధమై ఆ ఒక్క రోజే 14 మంది ప్రాణాలు కోల్పోయారు. తరువాత మృతుల సంఖ్య మరింత పెరిగింది. వారిలో పెక్కుమంది దీపావళికి నాలుగు రాళ్లు సంపాదించుకుందామని తమిళనాడు పల్లెల నుంచి వచ్చిన యువకులు, విద్యార్థులు. అంతకు కొద్ది నెలల ముందే, జూలై 29న, కృష్ణగిరి పళయపేటలో మరో బాణసంచా గోదాము పేలి తొమ్మిది మంది మరణించారు. రెండు చోట్లా విచారణలూ, పరిహార ప్రకటనలూ ప్రాణాలు పోయిన తరువాతనే వచ్చాయి. ముందుగా చూడవలసినవారు ఏమి చూడలేదన్నదే అసలు ప్రశ్న.

ప్రమాద కారణాన్ని గుర్తించడం వేరు, దాని తీవ్రతను అంచనా కట్టడం వేరు. గోదాములో మందుగుండు ఉన్నదని తెలుసుకోవడం మొదటిది. అది ఎంత ఉన్నది, నిప్పురవ్వ ఎటునుంచి రావచ్చు, లోపల ఎందరుంటారు, బయటపడేందుకు ఎన్ని వాకిళ్లున్నాయి అని లెక్కించడం రెండవది. ఇద్దరు మనుషులు, తెరిచిన రెండు వాకిళ్లు ఉంటే ముప్పు ఒక పాటిది. పదిహేను మంది లోపల ఉండగా వాకిలికి అడ్డంగా పెట్టెలు పేర్చితే, అదే సరుకుతో ముప్పు ఎన్నో రెట్లవుతుంది.

అన్ని ముప్పులూ పేలుడులా చప్పుడు చేయవు. గ్రానైట్ క్వారీలోని రాతిధూళి చేసే హాని ఏళ్లు గడిచిన తరువాత గాని బయటపడదు. ఆ ధూళి వల్ల వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు నేటికీ లేదు. నోటికి గుడ్డ కట్టుకోమనడం చిట్టచివరి ఉపాయం. రాయి కోసేచోట నీరు పట్టి ధూళి లేవకుండా చేయడం అంతకన్నా మేలు. ముప్పును మూలంలోనే తగ్గించాలి; అది సాధ్యం కాని మేరకే ముసుగును ఆశ్రయించాలి. చాలాచోట్ల ఈ వరుస తలక్రిందులైంది.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. పనిచోట భద్రతకు సంబంధించిన సమాచారం అడిగే హక్కు ఉద్యోగికి ఉన్నదని అది చెబుతున్నది. ప్రాణాపాయం ఉన్నదని సహేతుకంగా తోచినపుడు యజమానికీ, తనిఖీ అధికారికీ తెలియజేయవచ్చునని కూడా చెబుతున్నది. అయితే విద్యుత్తు వాడే చోటును కర్మాగారంగా పరిగణించడానికి కావలసిన కనీస కార్మికుల సంఖ్యను అదే కోడ్ 10 నుంచి 20కి పెంచింది. చిన్న చిన్న షెడ్లలో పనిచేసేవారికి ఇది ఆలోచించవలసిన విషయం. పైగా, హాజరు పట్టీలో పేరే లేని పది రోజుల కూలీకి తనకొక హక్కున్నదని చెప్పేవారెవరు?

కనుక ఆ మాట ఇంటి నుంచే మొదలు కావాలి. మేస్త్రీ వచ్చి పిల్లవాణ్ణి పనికి పంపమన్నపుడు రోజుకూలి ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోరాదు. అక్కడ ఏ సరుకు ఉంటుంది, లైసెన్సు ఉన్నదా, రాత్రి పడక ఎక్కడ, మంట లేస్తే ఏ దారిన బయటికి రావాలి అని అడగాలి. జవాబు చెప్పలేని మేస్త్రీ వెంట బిడ్డను పంపకపోతే పోయేది పది రోజుల కూలి మాత్రమే.