గుడిసె కూల్చే ముందు విచారణ జరగాలి

మిర్చి ఏరే కాలం వచ్చిందంటే మన మంగపేట, ఏటూరునాగారం రైతులకు గుత్తికోయ కూలీలు గుర్తుకొస్తారు. కల్లం ఎత్తాక వాళ్లు ఎక్కడ తల దాచుకుంటున్నారో మనం అడగం.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలై బస్తర్ పల్లెలు తగలబడితే, ప్రాణాలు అరచేత పట్టుకొని గోదావరి దాటి వచ్చి ములుగు అడవుల్లో గుడిసెలు వేసుకున్నవాళ్లు వీళ్లు. సల్వాజుడుం చెల్లదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా పోయిన ఊళ్లు తిరిగి రాలేదు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ శాఖ వాళ్ల గుడిసెలను కూల్చేసింది. వానాకాలంలో పిల్లాజెల్లలు ఆరుబయట పడ్డారు. చివరికి హైకోర్టు కల్పించుకోవాల్సి వచ్చింది.

అడవి నరికితే నష్టం మనకూ ఉంది, కాదనం. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు అన్న నిబంధనా ఉంది. కానీ ఎవరు ఎప్పటి నుంచి ఉన్నారో తేల్చే పని గ్రామసభతో మొదలవ్వాలి, జేసీబీతో కాదు. విచారణ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించరాదని 2006 అటవీ హక్కుల చట్టం 4(5) సెక్షన్ చెబుతోంది. మన పోడు రైతుకూ అదే రక్ష. ఇవాళ వాళ్ల గూడెంలో దాన్ని తొక్కనిస్తే, రేపు మన చెలకలో దాన్ని చూపించి నిలబడలేం.

విచారణ లేకుండా ఒక్క గుడిసెనూ కూల్చరాదు. తప్పనిసరైతే ముందు ఇల్లు, నీళ్లు, రేషన్ చూపించాలి. ఇది మన సంఘం డిమాండ్. మన పంట ఏరిన చేతులకు అండగా నిలబడదాం.