కొత్త నాటకం, పాత బూర



ఉయ్యూరు నుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. సీమలో యెవరో కొత్తగా ఒక చిన్న ఆపెరా రాసి, దానికి మూడువందల యేళ్ళనాటి వాద్యాలు వాడారట. "కొత్త నాటకానికి పాత వాద్యాలు యెందుకు మాస్టారూ? పాతవి బాగుండకనే గదా కొత్తవి చేసుకున్నారు?" అని అడిగింది. ప్రశ్న నాకు నచ్చింది.

ఆపెరా అంటే మాటలకు బదులు పాటతో నడిచే నాటకం. ఇటలీలోని మాంటువా నగరంలో 1607లో ఆడిన మాంటెవర్దీ గారి "ఆర్ఫియో" అటువంటి వాటిలో తొలినాటిది. పెద్ద మేళం లేకుండా, కొద్దిమంది పాటగాళ్ళతో, కొద్దిపాటి వాద్యాలతో చిన్న శాలలో ఆడేది చిన్న ఆపెరా.

ఇది మనకు బొత్తిగా తెలియనిదేమీ కాదు. బెజవాడ నుంచి బందరు రోడ్డున పామర్రు దాకా పోయి, అక్కడ మళ్ళితే కూచిపూడి వస్తుంది. అక్కడి భాగవతులు ఆడుతూ వచ్చిన భామాకలాపం సిద్ధేంద్రయోగి కూర్చినది. ఆయనది 17వ శతాబ్దమని చెబుతారు. పూర్వం సత్యభామ వేషం కట్టిన మగవాడు తానే ఆడి, తానే పాడేవాడు. సూత్రధారుడు తాళం పట్టి పాట అందుకునేవాడు. పక్కన ఒక మద్దెల, ఒక శ్రుతి, ఒక ముఖవీణ. ఇంకేమి కావాలి?

పేరులో వీణ వున్నా ముఖవీణకు తీగలు వుండవు. అది సన్నాయికి చెల్లెలు. నోట పెట్టుకునే కొసన రెండు పలుచని రేకుల పీక వుంటుంది. ఊదితే ఆ రేకులు అదిరి, గొట్టంలోని గాలిని అదిరిస్తాయి. గొట్టం పొట్టిదైనకొద్దీ అదుర్లు వేగమై, స్వరం హెచ్చుతుంది. సెకండుకు సుమారు 2000 నుంచి 5000 అదుర్లు వుండే ధ్వనులను మన చెవి యిట్టే పట్టుకుంటుంది. ముఖవీణ వంటి చిన్న పీకల నాదంలో ఆ హెచ్చు ధ్వనులు దండిగా వుంటాయి. మైకు లేని రోజులలో, గుడి ముందు ఆరుబయట, కాగడాల వెలుగున తెల్లవార్లూ ఆడే ఆటకు అది సరిగ్గా సరిపోయింది.

తరవాత ఆట గోడల మధ్యకు వచ్చింది, మైకు వచ్చింది. ఆరుబయట ఇంపుగా వున్న ధ్వని అక్కడ చెవులు గింగురుమనిపిస్తుంది. ఇప్పుడు కూచిపూడి ఆటలో యెక్కువగా వినిపించేవి వయొలిన్, వేణువు. ముఖవీణ చెడ్డదై పోలేదు. దానికి తగిన చోటు మారింది, అంతే.

వాద్యం మారితే పాట కూడా మారుతుంది. హార్మోనియం మెట్లు ఒకదానినుంచి ఒకదానికి గెంతుతాయే గాని జారవు. అందుచేత గమకం పలకదని ఆకాశవాణి వారు 1940 నుంచి 1971 దాకా దానిని బయటనే వుంచారు. అది కొంచెం అతి అని నా అభిప్రాయం. వయొలిన్‌కు పూర్వం గొర్రె పేగులతో పేనిన తీగలు కట్టేవారు. వాటి నాదం ఉక్కు తీగలంత మిరుమిట్లు గొలపదు. చిన్న శాలలో పాటగాడి మాటను కప్పివేయదు. ఉయ్యూరు అమ్మాయి ప్రశ్నకు సగం జవాబు యిక్కడే వున్నది.

మిగతా సగానికి ఒక కథ చెబుతాను. ఇంగ్లండులో ఆర్నాల్డ్ డాల్మెచ్ అనే ఆయన వుండేవాడు (1858–1940). అందరూ మరిచిన పాత వాద్యాలను సేకరించి, బాగుచేసి వాయించేవాడు. ఆయన వద్ద రికార్డర్ అనే పాత పిల్లనగ్రోవి ఒకటి వున్నది. 1919లో లండను వాటర్లూ స్టేషనులో, యేడేళ్ళ కొడుకు కార్ల్ ఆ పిల్లనగ్రోవి వున్న సంచీని మరిచిపోయాడు. సంచీ పోయింది! అయితే డాల్మెచ్ దాని కొలతలు ముందే రాసి పెట్టుకున్నాడు. ఆ కొలతలతో కొత్తది చేయబూనుకున్నాడు. చేసినవి పలికినవి, కుదరనివి మూలన పడినవి. తరవాత ఆ దేశంలో బడిపిల్లలు వేలకొలది రికార్డరు పట్టారు. సంచీ పోగొట్టిన కార్లే పెద్దవాడై ఆ వాద్యంలో పేరు పొందాడు.

మన దగ్గర కొత్త నాటకాలకు కొదవ లేదు. కూచిపూడిలో పుట్టిన వెంపటి చినసత్యం గారు (1929–2012) భుజంగరాయశర్మ గారి చేత పాటలు రాయించి, "క్షీరసాగర మథనం" వంటి కొత్త నృత్యనాటకాలు ఆడించారు. పట్రాయని సంగీతరావు గారు వాటిలో అనేకానికి సంగీతం కూర్చారు. రేపు మీలో ఒకరు ముఖవీణకే తగిన పాట రాశారనుకోండి. కాగితం మీద పాట వుంటుంది. గొట్టం యెంత పొడవు, రంధ్రాల మధ్య యెంత యెడం, పీక యెంత పలుచన అనేవి కొలిచి రాసినవారుండాలి. పెదవులు యెట్లా బిగించాలో నేర్పే గురువుండాలి. కొలతలు కాగితం మీద నిలుస్తాయి, పెదవుల పట్టు నిలవదు.

ఈ లోపల మీరొక పని చేయండి. కొబ్బరాకు ఈనె తీసి, ఆకును వాలుగా చుట్టి బూర చేయండి. సన్నని కొసన నొక్కితే రెండు పొరలు ఆనుకుంటాయి. అదే మీ పీక. ఇట్లాగే ఒకటి జానెడు, ఒకటి మూరెడు చేసి ఊదండి. ఏది కీచుమంటున్నది? స్నేహితుణ్ణి వీధి చివర నిలబెట్టి, ఏ బూర బాగా వినబడిందో అడిగి నాకు రాయండి.