లీటరుకు 30 మిల్లీలీటర్లు

2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. పెట్రోలు బంకుల్లో పంపు లోపల చిప్ అమర్చి, మీటరు మీద లీటరు తిరిగితే ట్యాంకులో 970 మిల్లీలీటర్లే పడేలా చేసిన ముఠా అది. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ బంకులకు సీళ్ళు పడ్డాయి. కేసులు నడిచాయి. లీటరుకు 30 మిల్లీలీటర్లు, అంటే నూటికి మూడు. దాన్ని మోసం అన్నాం, సరిగ్గానే అన్నాం.

2025 ఆగస్టు మొదటి వారంలో కేంద్ర పెట్రోలియం శాఖ ఒక వివరణ ఇచ్చింది. నూటికి 20 పాళ్ళు ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు పోస్తే మైలేజీ ఎంత తగ్గుతుందో అందులో తానే చెప్పింది. ఈ10కి తయారుచేసి ఈ20కి సర్దిన కార్లలో 1 నుంచి 2 శాతం, మిగతా బళ్ళలో 3 నుంచి 6 శాతం. ఇది స్వల్పమేనంది. చిప్ ముఠా కాజేసింది 3 శాతం. మిగతా బళ్ళ విషయంలో ప్రభుత్వం ఒప్పుకున్న నష్టం అక్కడ మొదలై దానికి రెట్టింపు దాకా పోతుంది. దీనికి కేసు లేదు, సీలు లేదు, ధరలో ఒక్క రూపాయి తగ్గింపు లేదు. చాలా బంకుల్లో కనీసం ఒక బోర్డు కూడా లేదు!

కొలత సరిగ్గానే ఉంది కదా అంటారు. ఉంది. బంకులో అనుమానం వస్తే అయిదు లీటర్ల కొలత క్యాను తెప్పించి కొలిపించుకునే హక్కు మనకుంది. ఆ అయిదు లీటర్లలో 25 మిల్లీలీటర్లకు మించి తేడా రాకూడదు. అంటే అర శాతం. అర శాతం దగ్గర అంత కచ్చితంగా ఉండే చట్టం, ఆ లీటరులోని సత్తువ ఆరు శాతం తగ్గితే ఎందుకు నోరెత్తదు? జనం పెట్రోలు కొనేది దూరం పోవడానికి. ఆఫీసుకు, పొలానికి, ఆసుపత్రికి, పిల్లల్ని బడిలో దింపడానికి. ఆ దూరం తగ్గించి పాత ధరే తీసుకుంటే కొనేవాడి జేబుకు చిప్‌తో పోయినా, విధానంతో పోయినా ఒకటే.

ఈ తగ్గుదల ఎవరి ఊహా కాదు. లీటరు ఇథనాల్ మండితే, లీటరు పెట్రోలు ఇచ్చే వేడిలో దాదాపు మూడింట రెండు వంతులే వస్తుంది. ట్యాంకులో అయిదో వంతు పెట్రోలు తీసి ఆ స్థానంలో ఇథనాల్ పోస్తే మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గిపోతుంది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, నిజమే. ఆ ఆక్టేన్‌ను వాడుకునేలా కంప్రెషన్ పెంచి ఇంజను కడితే పోయినదాంట్లో కొంత తిరిగి రాబట్టవచ్చు. కానీ నా పక్కింటి ఆయన పదేళ్ళ కింద కొన్న బైకు ఇంజనుకు కంప్రెషన్ ఎవరు పెంచుతారు? ఎక్కువ ఆక్టేన్ ఉందని మంత్రులు చెప్పే ప్రతిసారీ ఈ సగం మాట మింగేస్తున్నారు.

ఇవన్నీ ప్రభుత్వానికి ముందే తెలుసు. నా కోపానికి మూలం అదే. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ ఇథనాల్ మీద ఒక రోడ్‌మ్యాప్ విడుదల చేసింది. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై ఈ10కి సర్దిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం పడిపోతుందని అందులోనే ఉంది. ఆ నివేదిక అక్కడితో ఆగలేదు. ఇథనాల్ కలిపిన పెట్రోలు మామూలు పెట్రోలు కన్నా చౌకగా ఉండాలని, అందుకు పన్ను రాయితీ ఇవ్వాలని చెప్పింది. పాత బళ్ళ రక్షణ కోసం ఈ10 కూడా దొరుకుతూ ఉండాలని చెప్పింది. ఆ రెండు షరతులూ గాలికి పోయాయి. 20 శాతం కలపాలన్న లక్ష్యం మాత్రం 2030 నుంచి 2025-26కి ముందుకు జరిగింది. 2023 ఫిబ్రవరి 6న ప్రధాని బెంగళూరులో ఈ20ని ప్రారంభించినప్పుడు అది దేశం మొత్తం మీద 84 బంకుల్లో ఉండేది. రెండేళ్ళు తిరిగేసరికి అది తప్ప ఇంకోటి దొరకని పరిస్థితి వచ్చింది.

ధర ఎందుకు తగ్గించలేదని అడిగితే శాఖ దగ్గర జవాబుంది. ఆ నివేదిక వచ్చిన నాటికి ఇథనాల్ పెట్రోలు కన్నా చౌక, 2025 జులై నాటికి రవాణా, జీఎస్టీ కలుపుకుని లీటరు సగటున 71 రూపాయల 32 పైసలు పడింది, శుద్ధి చేసిన పెట్రోలు కన్నా అదే ఎక్కువ అని 2025 ఆగస్టులో చెప్పింది. అయితే అది ఇంకా పెద్ద ప్రశ్నకు దారి తీస్తుంది. ఎక్కువ ఖరీదు పెట్టి తక్కువ సత్తువ ఉన్న సరుకు కొని, దాన్ని పాత ధరకే జనం మీద రుద్దుతూ, దేశ ప్రయోజనం కోసం అంటున్నారు. దేశ ప్రయోజనమైతే దేశ ఖజానా భరించాలి. పెట్రోలు మీద తెలంగాణ 35.2 శాతం వ్యాట్ వసూలు చేస్తోంది. ఆంధ్రప్రదేశ్ 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఆ పైన రోడ్డు సెస్సు తీసుకుంటోంది. మైలేజీ తగ్గితే అదే దూరానికి ఎక్కువ పెట్రోలు కొనాలి, కొన్న ప్రతి చుక్క మీదా పన్ను కట్టాలి. మనం నష్టపోయినదాంట్లో ఒక వాటా రెండు రాష్ట్రాల ఖజానాలకూ చేరుతోంది. హైదరాబాద్‌లో గానీ అమరావతిలో గానీ పాలకపక్షాలూ ప్రతిపక్షాలూ దీన్ని గట్టిగా అడగకపోవడం చూస్తే నాకు సిగ్గుగా ఉంది.

నెలకు పెట్రోలుకు మూడు వేలు పెట్టేవాడికి 3 శాతం అంటే 90 రూపాయలు, 6 శాతం అంటే 180. ఢిల్లీలో ప్రకటన రాసేవాళ్ళకు అది స్వల్పమే. డెలివరీ బండి నడిపే కుర్రాడికి అది ఇంట్లో ఒక వారం కూరగాయలు. పైగా తగిలే దెబ్బ అందరికీ సమానం కాదు. 2023 ఏప్రిల్ తరువాత కొత్త కారు కొన్నవాడి బండిలో పైపులు, సీళ్ళు ఈ20ని తట్టుకునే రకానివి. అత్యంత పాత బండి ఎవరి దగ్గరుంటుంది? పాలవాడి దగ్గర, తాపీ మేస్త్రీ దగ్గర, సెకండ్ హ్యాండ్ బైకు కిస్తీల్లో కొన్న కూలీ దగ్గర.

వాళ్ళ బళ్ళ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2020లో బీఎస్‌6 కాలుష్య నిబంధనలు వచ్చేదాకా మన దేశంలో అమ్మిన బైకుల్లో, స్కూటర్లలో ఎక్కువ భాగం కార్బ్యురేటర్ బళ్ళు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో పొగ గొట్టంలో సెన్సర్ ఉంటుంది. ఇంధనం మారితే అది కనిపెట్టి, కంప్యూటరు కొంత మేరకు సర్దుకుంటుంది. కార్బ్యురేటర్‌కు అలాంటి కన్ను లేదు. జెట్ రంధ్రం ఎంత ఉందో అంతే పోస్తుంది. కిలో పెట్రోలు సరిగ్గా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. పాత జెట్‌లోంచి ఈ20 పోతే ఇంధనం పలచబడి గాలి ఎక్కువవుతుంది. పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొరాయించడం, ఎక్కువ వేడెక్కడం, యాక్సిలరేటర్ తిప్పితే తడబడడం అక్కడి నుంచే వస్తాయి. ఇంకొకటి, ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. వానాకాలంలో నెలల తరబడి కదలని బండి ట్యాంకులోకి నీరు చేరి హద్దు దాటితే, ఇథనాల్ ఆ నీటితో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది. కార్బ్యురేటర్‌కు గొట్టం ఉండేది ఆ అడుగునే.

ఈ20 పోసిన మర్నాడే ఇంజను కాలిపోతుందని చెప్పే వీడియోలు అబద్ధాలు. అవి అసలు ఫిర్యాదును పలచన చేస్తున్నాయి, వాటిని పంచుకునేవాళ్ళు ప్రభుత్వానికే మేలు చేస్తున్నారు. నష్టం నెమ్మదిగా, చిల్లర ఖర్చుల రూపంలో వస్తుంది. దీన్ని కూడా శాఖే ఒప్పుకుంది. కొన్ని పాత బళ్ళలో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తరువాత రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చుకోవలసి రావచ్చని, అవి పెద్ద ఖరీదు కావని అదే వివరణలో రాసింది. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రాడికి ఏడాది తిరక్కుండానే వచ్చేస్తుంది ఆ ముప్పై వేలు. ఆ రోజు మెకానిక్ షెడ్డు ముందు పోయే కూలి ఎవరిస్తారు? బండి కొన్న రోజు లైఫ్ ట్యాక్స్ కట్టించుకుని 15 ఏళ్ళు తిప్పుకో అని రిజిస్ట్రేషన్ ఇచ్చింది ప్రభుత్వమే. ఆ పదిహేనేళ్ళ మధ్యలో ఇంధనం మార్చి, రిపేరు నువ్వే చేయించుకో అనడం ఏ న్యాయం?

బ్రెజిల్‌ను చూడండి అంటారు. చూద్దాం, నాకు అభ్యంతరం లేదు. బ్రెజిల్ 1975లో మొదలుపెట్టింది. 2003 నుంచి ఏ పాళ్ళలో పోసినా నడిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లను మార్కెట్లోకి తెచ్చింది. అక్కడ బంకులో పెట్రోలు ధర వేరు, ఇథనాల్ ధర వేరు, రెండూ పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపు ఉంటేనే లాభమని అక్కడి డ్రైవర్లందరికీ తెలుసు. లెక్క వేసుకుని గొట్టం ఎంచుకుంటారు. వాళ్ళ పెట్రోలులో 30 శాతం ఇథనాల్ ఉన్నా వాళ్ళకు ఇబ్బంది లేకపోవడానికి కారణం బళ్ళు ముందు మారడం, ఎంచుకునే స్వేచ్ఛ చేతిలో ఉండడం. మన దగ్గర ఇంధనం ముందు మారింది, బళ్ళు వెనక నడుస్తున్నాయి, ఎంపిక అసలే లేదు. బ్రిటన్ 2021 సెప్టెంబరులో ఈ10కి మారినప్పుడు పాత కార్ల కోసం సూపర్ గ్రేడులో ఈ5ను ఉంచింది. అమెరికాలో ఈ15 పోసే పంపు మీద 2001, ఆ తరువాతి మోడళ్ళకు మాత్రమేనని నారింజ రంగు స్టిక్కరు ఉండి తీరాలి. డాలస్‌లో ఉన్న మన పిల్లలు పంపు దగ్గర ఆ స్టిక్కరు చదువుకుని పోసుకుంటారు. ఇక్కడ వాళ్ళ తల్లిదండ్రులకు ట్యాంకులో ఏం పడుతుందో చెప్పే దిక్కు లేదు. ఇథనాల్ కలపనిది కావాలంటే 100 ఆక్టేన్ ప్రీమియం ఉందంటారు. 2025లో లీటరు 160 రూపాయల దరిదాపుల్లో, అదీ కొన్ని నగరాల్లో కొన్ని బంకుల్లో!

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ విషయంలో వచ్చిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని కొట్టేసింది. అదే నెలలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ, ఇదంతా తన మీద డబ్బిచ్చి చేయిస్తున్న ప్రచారం అన్నారు. నాకు ఎవరూ డబ్బివ్వలేదు. పెట్రోలు కొన్న ప్రతిసారీ నేనే ఇస్తున్నాను.

ఇథనాల్ రైతు కోసమేనంటారు. రైతు పేరు తీయగానే అందరూ మౌనం వహిస్తారు. నేను వహించను, ఎందుకంటే రైతు పేరు మీద జరుగుతున్నది రైతుకు తెలియాలి. 2024-25లో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల నుంచి 52 లక్షల టన్నుల బియ్యాన్ని ఇథనాల్ కోసం కేటాయించారు, క్వింటాలు 2,250 రూపాయల చొప్పున. ఆ ఏడాది సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,300. బియ్యం వడ్ల కన్నా చౌక! క్వింటాలు వడ్లు మరాడిస్తే 67 కిలోల బియ్యం వస్తుందని ప్రభుత్వ లెక్క. అంటే మర ఖర్చు, రవాణా, గోదాము ఖర్చు ఏవీ కలపకుండానే క్వింటాలు బియ్యానికి 3,400 పైన పడుతుంది. ఆ తేడా మన పన్నుల నుంచి డిస్టిలరీకి పోతోంది. బంకులో ఒకసారి, ఖజానా ద్వారా ఇంకోసారి, రెండు సార్లు కడుతున్నాం. ఇక చెరకు సంగతి. లీటరు ఇథనాల్‌కు 2,860 లీటర్ల నీళ్ళు కావాలని రాసింది అదే నీతి ఆయోగ్.

ఆ ఫ్యాక్టరీలు పెడుతున్న ఊళ్ళ రైతులు ఏమంటున్నారో కూడా వినాలి కదా. నారాయణపేట జిల్లా చిత్తనూరు రైతులు ఏళ్ళ తరబడి కాలుష్యం మీద గోల పెడుతున్నారు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం జాతీయ రహదారి మీద బైఠాయిస్తే తప్ప అక్కడి ఫ్యాక్టరీ పనులు ఆగలేదు. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఆందోళన ముదిరి రైతులను అరెస్టు చేశారు, కోర్టుకు చేతులకు బేడీలు వేసి తీసుకెళ్ళారు. అన్నదాత ఇక ఊర్జాదాత అని వేదికల మీద పొగిడింది ఆ చేతులనే.

విదేశీ మారకం మిగిలిందని, 2014-15 నుంచి 2025 జులై దాకా లక్షా 44 వేల కోట్లు ఆదా అయిందని శాఖ అంటోంది. మనం ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి కొంటున్నాం కాబట్టి ఆ ఆదా విలువ నేను కాదనను. పాడైన నూకలతో, మొలాసిస్‌తో ఇథనాల్ తీసి కొంత కలపడం మంచి పనే. ఈ10 దాకా ఈ దేశంలో పెద్దగా ఎవరూ గొడవ చేయలేదు. గొడవ మొదలైంది చెప్పకుండా, అడగకుండా, ధర తగ్గించకుండా 20 చేసినప్పుడు. ఆదా అయిన ఆ డబ్బులో బైకు నడిపేవాడి వాటా ఎంతో ఒక్క మంత్రి అయినా చెప్పాలి.

చేయవలసినవి కష్టమైనవి కావు. పంపు మీద, రసీదు మీద ఇథనాల్ శాతం అచ్చు వేయాలి. తగ్గిన సత్తువ మేరకు ధర తగ్గించాలి. నీతి ఆయోగ్ చెప్పిన పన్ను రాయితీని కేంద్రమూ, రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి భరించాలి. చాలా బంకుల్లో ప్రీమియం పెట్రోలుకు వేరే ట్యాంకు, వేరే గొట్టం ఇప్పటికే ఉన్నాయి, అక్కడ మామూలు ధరకు ఈ10 పోయాలి, 2023కు ముందు రిజిస్టరైన బండి రోడ్ల మీద ఉన్నంత కాలం పోయాలి. ఈ20 రోడ్‌మ్యాప్ 2026 అక్టోబరు 31 దాకానని పెట్రోలియం శాఖ చెప్పింది, ఆ పైన 27 శాతం మాట కూడా వినిపిస్తోంది. 20 తరువాత ఏ అంకె రాయాలన్నా ముందు ఈ పనులు పూర్తి కావాలి. అప్పటిదాకా ఇంకొక్క శాతం కలపడానికి కూడా ఒప్పుకోకూడదు.