విత్తన పసుపు కుప్పకు ఊపిరాడనివ్వండి

పసుపు తొమ్మిది నెలల పంట అంటారు. విత్తనం దాచుకునే రైతుకు మాత్రం అది పన్నెండు నెలల పంటే. జనవరి నుంచి మార్చి దాకా తవ్విన దుంపలో విత్తనానికి ఎత్తిపెట్టింది జూన్‌లో మళ్లీ నేలలో పడేదాకా ప్రాణంతో ఉండాలి. పొలంలో ఉన్నన్నాళ్లూ నీళ్లు, ఎరువు, మందు అంటూ దాని వెంటపడతాం. ఇంటికొచ్చాక ఒక పట్టా కప్పేసి మరిచిపోతాం. నష్టం అక్కడే మొదలవుతున్నది.

లెక్క చూడండి. ఎకరాకు 8 నుంచి 10 క్వింటాళ్ల విత్తనం కావాలి. 10 క్వింటాళ్లు దాస్తే అందులో పావు వంతు కుళ్లో, ఎండో పోయిందనుకోండి. రెండున్నర క్వింటాళ్లు అదనులో కొనాలి. అప్పుడు అందరికీ కావాలి గనుక అమ్మేవాడు చెప్పిందే ధర. అరెకరం, ఎకరం ఉన్నవారు అప్పు చేయక తప్పదు. పైగా ఆ దుంప ఏ పొలంలోదో, దాని వెంట దుంపకుళ్లు కూడా వస్తున్నదో ఏమో కొనేవారికి తెలియదు.

పచ్చి దుంప కూడా మనలాగే ఊపిరి తీస్తుంది. వేడినీ, తేమనూ వదులుతుంది. గాలి ఆడితే అవి బయటికి పోతాయి. ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పితే లోపలి ఆవిరి పట్టా అడుగున చెమటలా పట్టి తిరిగి దుంపల మీదే కారుతుంది. వేడీ తడీ కలిస్తే బూజు, కుళ్లు. కుళ్లకుండా మిగిలింది అదనుకు ముందే మొలకెత్తి, నాటేటప్పుడు మొలక విరిగిపోతుంది.

“మా తాతల నాటి నుంచీ కుప్పేసి కప్పుతూనే ఉన్నాం కదా” అనేవారున్నారు. నిజమే. కాని వారు కప్పింది పసుపు ఆకు. దానిపైన మన్నూ పేడా కలిపి మెత్తేవారు. ఎండాకు తేమను పీల్చుకుంటుంది. మట్టిపూత ఎండ తగలనివ్వదు, ఆవిరిని మెల్లగా వదులుతుంది. ఇప్పుడు ఆకు పోయి పట్టా వచ్చింది. పెద్దల పద్ధతి అని మనం చెప్పుకునే దాంట్లో కుప్ప ఒక్కటే మిగిలింది.

అన్ని ఊళ్లకూ ఒకే పద్ధతి కుదరదు. నిజామాబాద్, జగిత్యాల వైపు ఏప్రిల్, మే నెలల్లో వడగాలికి దుంప వడలిపోతుంది. అక్కడ తేమ నిలపాలి. దుగ్గిరాల, తెనాలి వైపు సముద్రపు గాలిలోనే తేమ ఉంటుంది. అక్కడ తేమ పోయే దారి చూడాలి.

ఎక్కడైనా తప్పని పనులు కొన్ని ఉన్నాయి. తెగులు లేని మడిలోంచే విత్తనం ఏరండి. దెబ్బ తగిలినవి, తెగినవి పక్కన పెట్టండి. లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపిన ద్రావణంలో అరగంట ఉంచి, నీడన పూర్తిగా ఆరబెట్టండి. తడి ఆరకుండా కుప్ప పోస్తే మందు ఖర్చు దండగే. మందు పెట్టిన దుంపను పిల్లలకూ, తిండి గింజలకూ దూరంగా ఉంచాలి.

పొడి గాలి ఉన్నచోట ఎండ పడని గదిలో ఇసుక పరిచి, దుంప పోసి, పసుపు ఆకు మందంగా కప్పండి. మధ్యాహ్నం వేళ పడమటి కిటికీకి తడి గోనె కట్టండి. కుప్ప చుట్టూ నేల తడపవచ్చుగాని దుంపల మీద నీళ్లు చల్లవద్దు. నీరు ఊరని మెరక నేల ఉంటే గుంట తీసి, ఇసుక గాని రంపపు పొట్టు గాని వేస్తూ దుంప పేర్చి, పైన చెక్క పలకలు మూయవచ్చు. పలకలకు ఒకటి రెండు రంధ్రాలు ఉండి తీరాలి. తేమ గాలి ఉన్నచోట కుప్పలు చిన్నవిగా పోయండి. అడుగున చెక్కలు వేసి, కుప్ప మధ్యలో వెదురు బుట్ట నిలబెడితే లోపలి ఆవిరి పైకి పోతుంది.

మిర్చి పెట్టే శీతల గిడ్డంగి విత్తన దుంపకు పనికిరాదు. అంత చలికి పచ్చి దుంప దెబ్బతింటుంది. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపును కూడా విత్తనం ఉన్న గదిలో పెట్టకండి. ఎండు పసుపులో తేమ 10 శాతం దగ్గర ఉండాలి. పచ్చి కుప్ప వదిలే ఆవిరిని అది పీల్చుకుని బూజు పడితే మార్కెట్లో ధర తెగుతుంది.

తేమ చూడటానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. వారానికోసారి కుప్పలోకి చేయి పెట్టండి. వెచ్చగా, జిగటగా తగిలితే వెంటనే విప్పి ఏరాలి. 5 కిలోల దుంపను వలసంచిలో కట్టి కుప్పలోనే ఉంచి పదిహేను రోజులకోసారి తూకం వేయండి. బరువు గబగబా తగ్గుతుంటే దుంప ఎండిపోతున్నట్టు. అకాల వాన పడిన మర్నాడు కప్పు కారిందేమో తప్పక చూసుకోండి.

చివరగా ఒక మాట. కొట్టం లేని రైతుకు ఈ సలహాలు సగమే పనికొస్తాయి. ఒంటిగది ఇంట్లో మనుషులు పడుకోవాలా, విత్తనం పెట్టాలా? పదిమంది కలిసి ఊరికో విత్తన కొట్టం వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. ఉడకబెట్టే బాయిలర్లకూ, పాలిష్ యంత్రాలకూ రాయితీ అడుగుతున్న మనం విత్తన కొట్టానికీ గట్టిగా అడగాలి. ఈలోగా మీ చేతిలో ఉన్న పని ఒకటి చేయండి. కుప్ప మీద ప్లాస్టిక్ పట్టా ఉంటే ఈ సాయంత్రమే తీసి, ఎండాకు కప్పండి.