ఇది మార్పిడి కాదు, నాటు

మేడ్చల్ దగ్గరి రావల్కోల్ లాంటి ఊళ్ళో, వైద్యం, నర్సింగ్ చదివే మీ తెల్లకోటు మాటకు ఎంత బరువుందో మీకింకా తెలియదు. చదువులో భాగంగా ఊళ్ళో కుటుంబాల బాగోగులు చూసే ఫ్యామిలీ అడాప్షన్ పేరుతో ఫైలు పట్టుకుని ఒక గడప ముందు నిలబడతారు. మీరు ఎంబీబీఎస్ మొదటి ఏడాదా, నర్సింగ్ రెండో ఏడాదా అని అక్కడెవరూ అడగరు. కోటుంటే చాలు, డాక్టరే. అలాంటి ఒక గడపలో ఓ తల్లి, "మా పిల్లగానికి తలసీమియా అంట బిడ్డా. మూలుగ మార్చాలంటున్నరు. అక్కది సరిపోయిందట. దాని ఎన్నుపూసల నుంచి తీస్తరా? రేపు దాని పెళ్ళెట్ల?" అని అడిగిందనుకోండి. మీరు తల గోక్కుని "ఏమో ఆంటీ, రిస్కే" అన్నారనుకోండి. ఆ రెండు ముక్కలతో ఆ ఇంట్లో మళ్ళీ ఆ ప్రస్తావన రాదు.

అందుకే ముందు మన బుర్రలు దులుపుకుందాం. అందరం.

తప్పు సగం మాటలోనే ఉంది. కిడ్నీ మార్పిడి, లివర్ మార్పిడి అన్న వరసలోనే మూలకణ మార్పిడి అని రాసేశాం. పత్రికల్లో రాసే మా పాపమే అది. ఆ మాట వింటే కత్తి, కోత, ఒకరి ఒంట్లోంచి ఒక ముక్క పోవడం కళ్ళముందు కదులుతాయి. నిజానికి జరిగేది నాటు. ముందు రోగి మూలుగలోని, అంటే ఎముక మజ్జలోని, పాడైన పంటను మందులతో, కొందరికి రేడియేషన్‌తో కూడా, తుడిచిపెడతారు. తర్వాత దాత కణాల సంచిని స్టాండుకు తగిలించి, రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. ఆ కణాలు రక్తంలో తిరిగి తిరిగి తమంతట తామే ఎముకల్లోకి దారి వెతుక్కుంటాయి. రెండు మూడు వారాలకు తెల్లకణాల లెక్క మెల్లగా లేస్తుంది. నాటు పచ్చబడిందా అని రైతు గట్టు మీద నిలబడి చూసినట్టు వార్డులో రోజూ ఆ లెక్కే చూస్తారు. మళ్ళలో ప్లాట్ల రాళ్ళు మొలిచిన మేడ్చల్ పిల్లలకు ఈ పోలిక ఇంకా అందుతుందనే అనుకుంటున్నాను.

ఇక వెన్నుపూస భయం. దావత్‌లో మూలుగ బొక్క జుర్రుకున్న వాళ్ళమే, మజ్జ ఎక్కడుంటుందో మరిచిపోతాం! మజ్జ ఎముకలో ఉంటుంది, వెన్నుపాము నరాల కట్ట. రెండూ వేరు. దాత నుంచి మజ్జ తీయాల్సి వస్తే మత్తిచ్చి తుంటి ఎముక వెనక నుంచి సూదితో తీస్తారు. కొన్ని వారాల్లో అది మళ్ళీ నిండుతుంది. ఇప్పుడు పెద్దవాళ్ళైన దాతల్లో ఎక్కువమందికి అదీ అక్కర్లేదు. ఐదు రోజులు జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తే మూలకణాలు రక్తంలోకి వస్తాయి. ప్లేట్‌లెట్లు ఇచ్చినట్టే కొన్ని గంటలు మిషను పక్కన పడుకుంటే సరిపోతుంది. ఒళ్ళు నొప్పులు, తలనొప్పి ఉంటాయి, తగ్గుతాయి. ఆడపిల్ల పెళ్ళికీ కాన్పుకీ దీనితో అడ్డేమీ లేదు.

ప్రమాదమే లేదని చెప్పమనడం లేదు. ఉంది, ఎక్కువగా రోగికి. ఇన్ఫెక్షన్లు ముసురుకోవచ్చు, దాత కణాలు రోగి ఒంటినే పరాయిదనుకుని తిరగబడవచ్చు. ఆ కష్టాన్ని తెచ్చి దాత నెత్తిన పెట్టడమే మనం చేస్తున్న పెద్ద పొరపాటు. రక్తం గ్రూపు కలవాలనుకోవడం ఇంకొకటి. కలవాల్సింది కణాల మీది గుర్తులైన హెచ్‌ఎల్‌ఏ. గ్రూపు వేరైనా నాటు పడుతుంది, పడ్డాక రోగి గ్రూపే దాత గ్రూపుగా మారిపోతుంది. వేరే దాత అక్కర్లేని చోటూ ఉంది. మైలోమా అనే రక్త క్యాన్సర్ రోగికి తన కణాలే తనకు ఎక్కిస్తారు. అవి క్యాన్సర్‌ను చంపుతాయని చెప్పకండి. చంపేది మెల్ఫలాన్ అనే మందు, ఆ దెబ్బ నుంచి మూలుగను లేపేవి కణాలు.

ఇది నిన్నమొన్నటి ప్రయోగమూ కాదు. పోలియోతో చక్రాల కుర్చీలో తిరిగే డాక్టర్ సురేశ్ అద్వానీ 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో దేశంలో మొదటి మజ్జ మార్పిడి చేశారు. మనవాళ్ళు రైలెక్కి పోయే రాయవేలూరు సీఎంసీలో 1986లో మొదలైంది. ఈ చికిత్సకు బాట వేసిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ వచ్చింది.

మూలకణమని పేరు పెట్టి మోకాళ్ళకు, ఆటిజానికి, షుగరుకు అమ్మే దుకాణాలూ ఉన్నాయి. రక్త సంబంధ జబ్బులకు తప్ప మిగతా చాలావాటికి ఇది ఇంకా ప్రయోగమేనని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. రుజువైన చోట మాత్రం గర్వంగా చెప్పండి. సున్నం పడి చూపు పోయిన కళ్ళకు లింబల్ మూలకణాలతో చూపు తెచ్చిన ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి మన హైదరాబాద్‌లోనే ఉంది.

మేడ్చల్ పక్కన శామీర్‌పేట తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ నుంచి దేశదేశాలకు టీకాలు పోతున్నాయి. ఆ నేల మీద చదువుతూ, దాతగా పేరు రాయించుకునేందుకు చెంపలో దూదిపుల్ల తిప్పించుకోవడానికి జంకుతామా? ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కుదిరేది నాలుగింట ఒకసారి. పూర్తి జోడీ కావాలంటే మిగతావాళ్ళు దాతల రిజిస్ట్రీ వైపు చూడాల్సిందే. ప్రపంచంలో 4 కోట్లకు పైగా దాతలు పేర్లు రాయించుకుంటే, ఇంత పెద్ద దేశంలో మనవాళ్ళు కొన్ని లక్షలే. హెచ్‌ఎల్‌ఏ వంశాల వెంట వచ్చేది. తెలుగు బిడ్డకు సరిపోయేవాడు జర్మనీలో కంటే జడ్చర్లలో, జనగామలో దొరికే అవకాశమే ఎక్కువ.

అందుకని రండి, తరగతికి తరగతి కలిసి రండి. ఒకరి తప్పు ఒకరు దిద్దండి, తర్వాత గుంపుగా పేర్లు ఇవ్వండి. అయితే మొహమాటానికి, సెల్ఫీకి ఇవ్వకండి. పిలుపు వచ్చిన నాడు కాదనే హక్కు మీకుంది. కానీ ఆ కాదనేదేదో ముందే అనండి. మీరు సరేనన్నాకే అక్కడ రోగి మూలుగను మందులతో ఖాళీ చేస్తారు. పంట కోసి, నేల దున్ని పెట్టాక విత్తనం ఇస్తానన్నవాడు రాకపోతే, ఆ పొలానికి మరో కార్తె లేదు.

పేరు ఇచ్చే ముందు ఒక ఆదివారం ఇంటికి వెళ్ళండి. అమ్మానాన్నలను కూర్చోబెట్టి తుంటి ఎముక ఏదో, వెన్నుపాము ఏదో బొమ్మ గీసి చూపించండి. రేపు రిజిస్ట్రీ నుంచి కాల్ వస్తే మీ చేతిలోంచి ఫోను లాక్కునేది వాళ్ళే.